వెంకటరాయప్ప చెరిపిన ఫైలు

కబ్బన్‌పేటలో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన వెంకటరాయప్పకు, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళే ఉద్యోగం దొరకడం మామూలు సంగతి కాదు. పీణ్యలోని గేరు చక్రాల ఫ్యాక్టరీలో అతడు పన్నెండేళ్ళు హాజరు గుమాస్తాగా పనిచేశాడు. పంతొమ్మిదివందల ఎనభై మూడులో కంపెనీ కంప్యూటరు కొన్నప్పుడు మేనేజరు మునినారాయణప్ప అతణ్ణి పిలిచి, "నీ చేతిరాత బాగుండాది, మనిషివీ శుభ్రంగా ఉంటావు. ఇంకమీద ఈ రూము నీదే" అన్నాడు. ఆనాటినుంచి, చెప్పులు విడిచి వెళ్ళే ఆ కంప్యూటరు ఏసీ గది తాళం చెవి వెంకటరాయప్ప జేబులోనే ఉండేది. ఆయుధపూజనాడు యంత్రానికి కుంకుమబొట్టు పెట్టేదీ అతడే. "మా ఇంటాయన కంప్యూటర్‌లో ఉండాడు" అని భార్య కదిరమ్మ వీధంతా చెప్పుకునేది.

ప్రతి శనివారం మధ్యాహ్నం డిస్కులో ఉన్నదంతా టేపు మీదికి కాపీ తీసి, రిజిస్టరులో సంతకం పెట్టడం అతని పని. గంటన్నర పట్టేది. ఎనభై ఆరు ఏప్రిల్‌లో, మరదలి ఇంట్లో సీమంతమని ఒక శనివారం టేపు ఎక్కించకుండానే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. సోమవారం వచ్చి చూస్తే ఏమీ కాలేదు. మరుసటి వారం సినిమా. ఆపైన కారణం కూడా అక్కరలేకపోయింది. జులై వచ్చేసరికి సంతకాలు వరసగా ఉన్నాయి, టేపు మీద ఉన్నది మాత్రం మార్చి నెల కాపీ.

జులైలో ఒక శనివారం డిస్కు నిండిపోయింది. మూడు నెలలుగా ఎవరూ ముట్టని ఫైళ్ళన్నీ తీసెయ్యమన్నాడు మునినారాయణప్ప. వెంకటరాయప్ప తేదీలు చూసుకుంటూ చెరుపుతూ పోయాడు. పాత తేదీ ఉన్నంత మాత్రాన ఆ ఫైలు వాడుకలో లేదని కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ క్షణంలో ఆగి ఆలోచించలేదంతే.

సోమవారం ఉదయం రాచెల్ వచ్చింది. గుంటూరు పిల్ల, ప్రోగ్రామర్. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు, ఇంకా పర్మనెంటు కాలేదు. యశవంతపురం హాస్టల్లో ఉండేది. చక్రానికి పళ్ళు కోసే కొలతలు లెక్కగట్టే కొత్త ప్రోగ్రాము తయారుచేస్తోంది. ఎన్నో ప్రోగ్రాములకు కావలసిన లెక్కల ముక్కలన్నీ ఆమే ఏప్రిల్‌లో ఒక ఫైలుగా కూర్చిపెట్టుకుంది. దాన్నే లైబ్రరీ అనేది.

"అన్నా, ఇటొకసారి చూడండి. లైబ్రరీ దొరకలేదని ఎర్రర్ ఇస్తోంది," అంది. "శుక్రవారం దాని పాత్, అదే అది ఎక్కడుందో చెప్పే దారి, మార్చింది నేనే. అక్కడే ఏదో తప్పు రాసుంటాను."

వెంకటరాయప్ప తెర మీద ఆ ఫైలు పేరు చూశాడు. ఆ పేరు అతనికి గుర్తుంది. శనివారం చెరపడానికి ఆ పేరును తన వేళ్ళతోనే కొట్టాడు.

"స్పెల్లింగ్ చూడమ్మా," అన్నాడు.

ఆమె చూసింది. అక్షరం అక్షరం చదివి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఏమైనా ఉందేమోనని మళ్ళీ చదివింది. శుక్రవారం చేసిన మార్పు తీసేసి, పాత పాత్‌తో మొదటినుంచి కంపైల్ చేసింది. మళ్ళీ అదే మాట, దొరకలేదు. మంగళవారం డిస్కులో ఉన్న పేర్లన్నీ ప్రింటు తీయమంది. ఇరవై రెండు పేజీలు వచ్చాయి. వెంకటరాయప్ప కాగితాలు చించి ఇస్తూ ఉంటే, ఆమె పెన్సిలుతో ఒక్కొక్క పేరుకూ టిక్కు పెట్టుకుంటూ పోయింది. అన్నానికి కూడా లేవలేదు. అతడు క్యాంటీన్‌నుంచి చిత్రాన్నం తెచ్చి పక్కన పెట్టాడు. "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో అన్నా," అందామె. అతడు కాగితం సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

ఈలోగా గేరు కటింగ్ షాపు ఫోర్‌మన్ బైరప్ప రోజుకు రెండుసార్లు వచ్చి తలుపు తట్టేవాడు. "కొలతల పేపర్ యాడమ్మా? మెషిన్ పని లేక సుమ్మనే నిలబడుండాది."

బుధవారం ఆమెకు టేపు గుర్తొచ్చింది. "మొన్న శనివారం టేపు ఎక్కించండి అన్నా, అందులో ఉంటుంది కదా!" మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

వెంకటరాయప్ప బీరువా దగ్గరికి వెళ్ళి, టేపు తీసి, యంత్రానికి ఎక్కించినట్టే ఎక్కించి దించాడు. తిరిగి వచ్చి, "చదవడం లేదమ్మా. తేమ పట్టినట్టుండాది," అన్నాడు.

ఆమె నమ్మింది. "నా చేత్తోనే ఎక్కడో చెరిపేసుంటాను," అంది.

ఆ మధ్యాహ్నమే, ఆ మాటనే పట్టుకుని, మునినారాయణప్ప ఆమెకు మెమో ఇచ్చాడు. అనుమతి లేకుండా మార్పులు చేసి ఫైలు పోగొట్టినందుకు ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆమె మెమో మడిచి సంచిలో పెట్టుకుంది. గురువారం హాస్టల్లో ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న పాత ప్రింటు కాగితాలు తెచ్చింది. లైబ్రరీ మొత్తం మళ్ళీ టైపు చేస్తానంది. "మీరు చదవండి అన్నా, నేను కొడతాను."

అతడు చదవసాగాడు. అంకెలు, చుక్కలు, బ్రాకెట్లు. రెండో పేజీలో చదవడం ఆపేశాడు.

"ఏమైందన్నా?"

"నేనే తుడిపేసినానమ్మా. శనివారం, జాగా చేయమంటే. టేపు బాగనే ఉండాది. నేను కాపీ తీసి మూడు నెలలయింది, దాంట్లో నీ లైబ్రరీ లేదు."

రాచెల్ కీబోర్డు మీదనుంచి చేతులు తీసేసింది. "సోమవారమే చెప్పుంటే సోమవారమే ఈ కాగితాలు తెచ్చేదాన్ని కదా," అంది. "నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. ఏదో చేసి మర్చిపోయానేమో అనుకుని రాత్రిళ్ళు ఏడ్చాను. మీరు పక్కనే కూర్చున్నారు."

ఆమె కాగితం తన వైపు లాక్కుని, తనే చదువుకుంటూ, తనే కొట్టుకుంది. శుక్రవారం సాయంత్రానికి ప్రోగ్రాము నడిచింది.

శనివారం అతడు మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మునినారాయణప్ప లేచి తలుపు మూశాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"ఆ పాపతో చెప్పినా."

"సుమ్మనుండప్పా, ఇంకెవరికీ చెప్పొద్దు. మెమో హెడ్డాఫీసుకు పోయింది. నువ్వు మనోడివి, పిల్లలుండారు. ఆ యమ్మ ఈ పొద్దు ఉంటాది, రేపు ఇంకో కంపెనీకి పోతాది. ఆరు నెలలు ఎంతసేపు?"

వెంకటరాయప్ప "సరే సార్" అని బయటికొచ్చాడు. ఆ "సరే" రెండు రోజులు అతణ్ణి నిద్రపోనివ్వలేదు. తప్పించుకునే దారి దొరికినప్పుడు లోపల ఎక్కడో హాయి అనిపించింది. అది తలుచుకుంటేనే తన మీద తనకు రోత పుట్టింది. మంగళవారం జరిగిందంతా కన్నడంలో ఒకటిన్నర పేజీ రాసి, సంతకం పెట్టి, సెలవు పెట్టి, హెడ్డాఫీసుకు బస్సెక్కి తన చేత్తోనే ఇచ్చి వచ్చాడు.

రాచెల్ మెమో రద్దు కావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా పర్మనెంటు అయినవాళ్ళను ట్రైనింగుకు పూనా పంపారు. ఆమె పేరు అందులో లేదు. వెంకటరాయప్పను డిస్పాచ్ సెక్షన్‌కు మార్చారు. మునినారాయణప్ప అతనితో మాట్లాడటం మానేశాడు. ఇంట్లో మాత్రం, ఏసీ చలి పడక దగ్గొస్తోందని తానే మార్పించుకున్నట్టు చెప్పాడు. కదిరమ్మ ఆరు నెలలపాటు మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ప్రతిరోజూ తాగాడు.

ఎనభై ఎనిమిదిలో రాచెల్‌కు హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేరోజు స్వీటు పంచుతూ డిస్పాచ్‌కు కూడా వచ్చింది. "వెంకటరాయప్ప గారూ, తీసుకోండి. మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది. చెప్పాలనుకుని రెండేళ్ళుగా అతడు ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. "బాగుండారమ్మా" అన్నాడు. ఆమె తలూపి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆమె ఇచ్చిన మైసూరుపాకు ముక్క కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, కదిరమ్మ ముందు పెట్టి, జరిగిందంతా మొదటినుంచీ చెప్పాడు.

"ఆ పాప ఇంకా ఊర్లోనే ఉండాదా?" అని అడిగింది కదిరమ్మ. "పిలుచుకొని రా. అన్నం పెడతా."

"మధ్యాహ్నం బస్సుకే పోయింది," అన్నాడు వెంకటరాయప్ప.