ఆయిస్టర్ లేన్‌లో ఉండిపోయినవాడు

సవానా నగరపు పడమటి పేటల్లో ఎవరైనా పోతే, వెర్డెల్ ఫ్రేజర్ రేడియోలో చెప్పేదాకా పోయినట్టు లెక్క కాదు. పొద్దున వాతావరణ వార్తలు అయ్యాక, వెనక ఆర్గన్ సన్నగా మోగుతుండగా, పోయినవాళ్ళ పేరు, పేట, ఏ చర్చి, ఎప్పుడు తీసుకెళ్తారు, అన్నీ ఒకే గొంతుతో చదువుతుంది. ఆ గొంతు పెరగదు, తగ్గదు, వణకదు. పెళ్ళి చేసుకోలేదు, ఊరు దాటలేదు. నల్లజాతి వాళ్ళు నడుపుకునే ఆ చిన్న స్టేషన్లో చేరినప్పటి నుంచీ ఇదే పని.

చేపల కొట్లో వరసలో నిలబడితే ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

"మిస్ వెర్డెల్, కాస్త అటు తిరిగి మాట్లాడండమ్మా. మీ గొంతు వింటే నా నాడి నేనే చూసుకోవాలనిపిస్తోంది."

"నీ పేరు ఇప్పట్లో చదవన్లే రూఫస్. చదవాలంటే ముందు నువ్వేదో ఒక చర్చిలో చేరాలి కదా."

కొట్టంతా నవ్వుతుంది. ఆవిడా నవ్వుతుంది. రొయ్యల పొట్లం పట్టుకుని ఇంటి తలుపు తీసేసరికి ఆ నవ్వు ఉండదు.

ఇంట్లో అన్న థాడియస్ కిటికీ దగ్గర కుర్చీలో కూచుని ఉంటాడు. పెడితే తింటాడు, తొడిగితే తొడుక్కుంటాడు. డాక్టర్లు ఆ జబ్బుకి తమకి తోచిన పేర్లన్నీ పెట్టి చూశారు, ఏదీ అతకలేదు. ఏమడిగినా, దూరం నుంచి ఇంకెవరో మాట్లాడుతున్నట్టు ముందు పక్కకి తల తిప్పుతాడు. ఆ తర్వాతే మనకేసి చూస్తాడు. పొద్దువాలే వేళకి ఫ్లైఓవర్ ఉన్న దిక్కుకి ముఖం పెడతాడు. కుర్చీ ఎటు తిప్పినా అంతే.

ఎందుకో పేటలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. సముద్రపు దీవుల నుంచి వచ్చిన, గీచీలనే నల్లజాతి కుటుంబాల్లో, పసిపిల్లలతో ఒక చోటు విడిచి వెళ్ళేటప్పుడు బిడ్డని పేరుపెట్టి పిలుస్తారు. "రా, వెళ్ళిపోతున్నాం, ఇక్కడ ఉండిపోకు" అంటారు. చర్చి నుంచి ఇంటికి వచ్చేటప్పుడైనా సరే. పిలవకపోతే ఒళ్ళు వెంట వస్తుంది గానీ లోపలిది అక్కడే ఆడుకుంటూ ఉండిపోతుంది.

ఫ్లైఓవర్ కట్టడం కోసం వాళ్ళుండే ఆయిస్టర్ లేన్ సందుని ఖాళీ చేయించిన రోజున వెర్డెల్ చంకలో బిడ్డ. థాడియస్‌కి అయిదేళ్ళు. పరుపుల మీద నిద్రపోతున్నవాణ్ణి పరుపులతో సహా ట్రక్కులోకి ఎక్కించారు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, వెనక గోడలు కూలుతున్నాయి. ఆ హడావిడిలో తల్లి పిల్లవాణ్ణి పిలవడం మరిచిపోయింది. కొత్త పేటలో వాడి చూపు మారిపోయాకే ఆవిడకి అది గుర్తొచ్చింది. పరుగెత్తుకు వెళ్తే అక్కడ కంచె వేసి ఉంది. కంచె పట్టుకుని గొంతు పోయేదాకా పిలిచింది. మర్నాడూ వెళ్ళింది, ఆ పై ఏడాదీ వెళ్ళింది. పిల్లవాడు రాలేదు. ఆ దిగులుతోనే పోయింది.

ఈ చలికాలం థాడియస్ గుండె సంగతి చెబుతున్నప్పుడు డాక్టరు వెర్డెల్ కళ్ళలోకి చూడలేదు. రోజూ చావులు చదివే మనిషికి అంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు. అన్న పోతాడని కాదు ఆవిడ భయం. శవపెట్టెలో సగం మనిషే పడుకుంటాడు. మిగతా సగం, పిలిచే దిక్కు లేకుండా, ఆ ఫ్లైఓవర్ కింద ఎప్పటికీ ఆడుకుంటూనే ఉంటుంది.

ఫిబ్రవరి నల్లజాతి చరిత్ర నెల. స్టేషను మేనేజరు లూషస్ గాడ్స్‌డెన్‌కి ఏటా అదో తలనొప్పి.

"ప్రతిసారీ ఆ పెద్దపెద్ద పేర్లే చదువుతున్నాం మిస్ వెర్డెల్. జనం స్టేషను మార్చేస్తున్నారు. ఈసారి మన ఊరి సందుల గురించి చెబుదాం. ఫ్లైఓవర్ కింద మైకు పెట్టుకుని కూచుందాం, ఆయిస్టర్ లేన్ వాళ్ళు ఫోన్ చేసి చెబుతారు. మీరైతే బావుంటుంది."

"నేను చదివేది చచ్చినవాళ్ళ గురించి, లూషస్."

"ఆ సందు మాత్రం బతికుందా?"

వెర్డెల్ వెంటనే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో అతనికి చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండగానే ఉన్నా ఫ్లైఓవర్ స్తంభాల మధ్య వెలుగు బూడిదరంగులో ఉంది. పైన బళ్ళు పోతున్నప్పుడల్లా కాళ్ళ కింద సిమెంటు నేల అదిరింది. లూషస్ రేడియో సామాను పెట్టె తెరిచి వైర్లు కలిపాడు. ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఫోన్లు మొదలయ్యాయి.

ఒకాయన మంగలి షాపు సంగతి చెప్పాడు. "శనివారం క్షవరం చేయించుకుని వస్తే ఆదివారం చర్చిలో మా అమ్మ నన్ను గుర్తుపట్టేది కాదు. అంత బాగా చేసేవాడనుకునేరు, అంత ఘోరంగా!" ఒకావిడ ఆయిస్టర్లు, అంటే సముద్రపు గుల్లలు, ఒలిచే ఆడవాళ్ళ పాటలు చెప్పింది. చిప్పలన్నీ సందులో పోసేవారని, నేలంతా తెల్లగా ఉండేదని, ఎవరు నడిచినా కరకరమని తెలిసిపోయేదని చెప్పింది.

మధ్యలో రేడియోలో ఒక పాట వస్తున్న సమయంలో లూషస్ మైకుకేసి అనుమానంగా చూశాడు. "చిప్పల మీద ఎవరో నడుస్తున్నారు."

వెర్డెల్ వింటూనే ఉంది. హెడ్‌ఫోన్ తీస్తే ఏమీ లేదు. పెడితే చిన్న అడుగులు, కరకరమంటూ, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పరుగెడుతున్నాయి. కింద ఉన్నది సిమెంటు.

పాట అయిపోగానే ఆవిడ మైకు దగ్గరకి లాక్కుంది. "థాడియస్, రా నాన్నా. వెళ్ళిపోతున్నాం. ఇక్కడ ఉండిపోకు."

అడుగులు ఒక్క క్షణం ఆగాయి. తనని కాదన్నట్టు మళ్ళీ పరుగెత్తాయి. ఇంకోసారి పిలిచింది. ఇంకోసారి. ఆ గొంతు వణకడం ఊరు మొదటిసారి విన్నది.

లూషస్ చేత్తో సైగ చేసి ఫోన్ కలిపాడు.

"ఎవర్నే ఆ పిలిచేది?" ముసలి గొంతు, కోపంగా ఉంది. "నేను మిస్ యూలాలీని, వృద్ధాశ్రమం నుంచి. థాడియస్ అనేవాడు మా సందులో లేడు. ఉంటే ఆ పేరుకి ఏడిపించి చంపేవాళ్ళం."

"మా అన్నయ్య, మిస్ యూలాలీ. ఫ్రేజర్ల అబ్బాయి."

"ఫ్రేజర్ల అబ్బాయా? వాడు మింగో! మీ అమ్మకి పురుడు పోసింది నేనే. తట్టలో పడుకోబెట్టిన రోజే పెట్టిన తట్టపేరు అది, ఇంట్లో పిలిచే పేరు. థాడియస్ అనేది కాగితం మీదిది, వాడి చెవినైనా పడలేదు."

"మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు."

"ఎందుకు చెబుతుంది? కొత్త పేటలో దీవుల మాట మాట్లాడితే నవ్వుతారని నామోషీ. బడి పేర్లే పిలవాలంది, తట్టపేరు ఎత్తితే నా నోరు మూయించింది, కంచె దగ్గరా ఆ కాగితం పేరే అరిచింది. తెలియని పేరు పెట్టి పిలిస్తే పసివాడెలా వస్తాడే పిచ్చిదానా?"

వెర్డెల్ హెడ్‌ఫోన్ చెవులకి నొక్కిపట్టుకుంది. పైన ఒక లారీ పోయింది.

"మింగో," అంది. "రా. వెళ్ళిపోతున్నాం. ఇక్కడ ఉండిపోకు."

చిప్పలు కరకరమన్నాయి. దూరం నుంచి, తిన్నగా, ఆగకుండా వచ్చాయి. మైకు దగ్గరికొచ్చి ఆగాయి. ఊపిరి వినబడింది, పరుగెత్తి వచ్చిన పిల్లవాడి ఊపిరి. లూషస్ హెడ్‌ఫోన్ తీసేసి బల్ల మీద పెట్టాడు. వెర్డెల్ కుడిచేయి పక్కకి చాపింది. అందులోకి చల్లగా ఏదో వచ్చి చేరింది. ఆ చేతిని విప్పకుండా, ఎడమచేత్తోనే కారు స్టీరింగ్ తిప్పుకుంటూ ఇంటికి వెళ్ళింది.

థాడియస్ కుర్చీలో లేడు. గది మధ్యన నిలబడి ఉన్నాడు. పక్కకి తల తిప్పలేదు. సూటిగా ఆవిడకేసే చూశాడు.

"అమ్మేది?"

"అమ్మ పోయింది మింగో. చాలా కాలమైంది."

అతను రెండు చేతులూ ఎత్తి, ముడతల్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "ఇవెవరివి?"

"నీవే."

కాసేపు ఏడ్చాడు, నిద్రలేచిన పిల్లలు ఏడ్చినట్టు. ఆ తర్వాత ఆకలేస్తోందన్నాడు. వెర్డెల్ రొయ్యలు, టమాటాలు వేసిన ఎర్రన్నం పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక అన్న తనంతట తాను తినడం ఆవిడ చూడడం ఇదే మొదటిసారి. ముఖం తిప్పుకుని గిన్నె కడిగింది.

సగం తిని అతను వీధి తలుపుకేసి చూశాడు.

"వాళ్ళు తినరా?"

"ఎవరు?"

"నాతో ఆడుకునేవాళ్ళు. నా వెనకే వచ్చేశారు. నువ్వు నన్నొక్కణ్ణే పిలిచావు కదా, అందుకని మెట్ల దగ్గరే ఆగిపోయారు."

వెర్డెల్ కుళాయి కట్టేసింది. హెడ్‌ఫోన్ అక్కర్లేకుండానే వినబడింది. చెక్కమెట్ల మీద చిప్పలు నలుగుతున్న చప్పుడు, ఒకరిది కాదు. ఆ రోజు హారన్ ఒక్క తల్లినే తొందరపెట్టలేదు. వాళ్ళ ఒళ్ళు ఏ పేటల్లో, ఏ కిటికీల దగ్గర కూచుని ఉన్నాయో! కొందరి కాగితం పేర్లు, ఆర్గన్ మోగుతుండగా, తానే చదివేసి ఉంటుంది.

లూషస్‌కి ఫోన్ చేసి, లైను రేడియోలోకి కలిపి ఉంచమంది. ఆ కిటికీలన్నిటి దగ్గరా వినబడాలి.

"వాళ్ళ తట్టపేర్లు తెలుసా నీకు?" అని అన్నని అడిగింది.

"ఎందుకు తెలీదూ!"

ఆవిడ తలుపు బార్లా తీసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, అన్నకేసి తిరిగింది.

"చెప్పు. మొదట ఎవర్ని పిలవను?"