నలభై మూడో నెంబరు రోడ్డు

సాలూరులో లారీతో సంబంధం లేని ఇల్లు లేదంటారు. అది కొంచెం కోతే గానీ మరీ పెద్ద కోత కాదు. ఇక్కడ డ్రైవరు తయారయ్యే పద్ధతి ఒకటుంది. కుర్రాడు మొదట క్లీనరుగా ఎడమవైపు సీటులో కూర్చుంటాడు. టైర్ల కింద రాళ్లు పెడతాడు, గురువు తిట్లు తింటాడు, గురువు నిద్రలో ఉండగా స్టీరింగు మీద దొంగతనంగా చెయ్యి వేసి చూస్తాడు. ఏళ్లు గడిచాక ఒకనాడు గురువు కిందికి దిగి, "ఇటు రా" అంటాడు. ఆ రోజు నుంచి వాడు కుడివైపు మనిషి. ఇక చచ్చినా ఎడమ సీటులో కూర్చోడు. ఒకే బండిలో ఇద్దరు డ్రైవర్లు వెళ్లినా, పని లేనివాడు వెనక బల్ల మీద ముడుచుకుని పడుకుంటాడు తప్ప ఆ సీటు ముట్టుకోడు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు తప్పేవారు.

ఆదాము ముప్పై ఏళ్లు కుడివైపు కూర్చున్నాడు. విశాఖ నుంచి రాయపూరు దాకా, కొండల మీది మలుపుల దారి, ఆ ఘాటీ ఎక్కి దిగి, ఎన్నిసార్లు తిరిగాడో అతనికే తెలీదు. తర్వాత సుగరు వచ్చి రెండు కళ్లూ తీసుకుపోయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే.

చూపు పోయినందుకు అతను పెద్దగా ఏడవలేదు. కానీ ఏ బండీ ఎక్కడం మానేశాడు. బండెక్కితే ఎడమవైపు కూర్చోవాలి కదా, అదీ సంగతి. బావమరిది కారు తెచ్చినా ఎక్కలేదు, ఆటో ఎక్కలేదు. చర్చి రెండు వీధుల అవతలే గనక భార్య దేవమణి భుజం పట్టుకుని నడిచి వెళ్లేవాడు. బస్సయితే ఎడమా కుడీ ఏముందని ఆమె ఒకసారి అడిగింది.

"బస్సయినా స్టీరింగు నా సేతిలో నేదు కదే," అన్నాడు.

అలా నాలుగేళ్లపాటు చర్చికి తప్ప ఎటూ కదలకుండా కుర్చీకి అతుక్కుపోయాడు. గడ్డం గీసుకోమంటే విసుక్కునేవాడు. మాట్లాడితే ఒకటీ అరా. దిగులు గుండెలో పెట్టుకుని తిరిగింది దేవమణి. ఈ మనిషి బతికుండగానే ఇంట్లో కనపడకుండా పోతున్నాడని ఆమె భయం. ఒక్కసారి, ఒక్కసారైనా అతన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఆమె కోరిక. ప్రార్థనలో ఇంకేమీ అడగడం కూడా మానేసింది.

ఆమె ఘాటీ కింద కోనవలసలో నర్సు. పిల్లలకు టీకాలు వేస్తుంది, గర్భిణుల ఇళ్లకి తిరుగుతుంది. పొద్దున్నే బస్సులో అదే రోడ్డు మీద వెళ్లి సాయంత్రం అదే రోడ్డు మీద వస్తుంది. రాగానే ఆదాము అడిగేది ఒక్కటే.

"రోడ్డెలగున్నాది?"

"బాగానే ఉన్నాది."

డ్రైవరు పెళ్లామే గానీ ఆమె ఆ రోడ్డుని ఏనాడూ చూడలేదు. బస్సెక్కితే కిటికీకి తల ఆనించి కునుకు తీసేది. ఒకరోజు అతన్ని ఉత్సాహపరుద్దామని, కోనవలస ముందు కల్వర్టు పక్కన చింతచెట్టు విరగకాసిందని చెప్పింది.

"కల్వర్టు పక్కన సింతసెట్టేటి? అది మద్ది సెట్టే! బస్సులో నిద్దరోతన్నావేటి నువ్వు?"

అని, పకపకా నవ్వాడు. ఎన్ని నెలల తర్వాతో నవ్వాడు. దేవమణి సిగ్గుపడాల్సింది పోయి, ఆ నవ్వు ఇంకోసారి వినాలని ఆశపడింది. మర్నాటి నుంచి బస్సులో కునుకు బందు. కిటికీలోంచి ఫోనుతో ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. కల్వర్టు, మైలురాయి, మూతపడిన టీకొట్టు, కొత్తగా గీసిన తెల్లగీత, ఏది కనిపిస్తే అది. సాయంత్రం అతని పక్కన కూర్చుని ఒక్కొక్కటీ వర్ణించేది. ఆమె చూసింది చెబితే, అతను తనకు తెలిసింది చెప్పేవాడు. ఈ కల్వర్టు దగ్గరే యాక్సిలు విరిగి పడి ఉంటే ఆ ఊరి ముసలామె ఎవరో అంబలి పోసి ఆదుకుంది. ఈ టీకొట్టువాడికి పాటల పిచ్చి, టీ మాత్రం మహా పాడు.

కొన్నాళ్లకి ఫోను నిండిపోయింది. ఫోటోలు తీసెయ్యమన్నాడు సెల్లు దుకాణంవాడు. ఆమె ఫోను లాక్కుని ఇంటికి వచ్చేసింది. ఆ ఫోటోలు ఆమెకి ఫోటోలు కావు, ఆదాము మాటలు.

దేవమణి అన్న కూతురు స్వర్ణ విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. శనివారాలు సాలూరు వస్తుంది. నోరు కొంచెం కరుకు, మనసు వెన్న. సంగతంతా విని, "ఫోనులో ఎందుకత్తా, వెబ్‌సైటులో పెట్టేద్దాం, ఎన్నైనా పడతాయి," అంది.

"ఫోటో కింద ఏటి రాయమంటావు?" అని మళ్లీ తనే అడిగింది.

"మీ మావ సెప్పింది సెప్పినట్టు రాయి. నువ్వేటీ దిద్దకు," అంది దేవమణి.

"పేరేటి పెడదాం మావా?"

"ఏ రోడ్డయితే ఆ పేరే. నలబై మూడో నెంబరు రోడ్డు."

"ఇప్పుడది ఇరవై ఆరు మావా. నెంబరు మార్చేసి ఎన్నేళ్లో అయింది."

"ఎవుడు మార్చేడు? నన్నడిగేడేటి?"

ప్రభుత్వం నెంబరు మార్చింది, బోర్డులు మార్చింది. సాలూరువాళ్ల నోళ్లు మార్చడం దాని తరం కాలేదు. ఇక్కడ ఇప్పటికీ ఇరవై ఆరంటే అదెక్కడని అడుగుతారు. అందుకని లేని నెంబరు పేరుతోనే ఆ వెబ్‌సైటు పుట్టింది. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దమనిషి, ఈ నెంబరు హైవే ఆ ప్రాంతంలో ఇప్పుడు లేదండీ అని మర్యాదగా రాశాడు. ఆదాము జవాబు చెప్పాడు, స్వర్ణ అలాగే ఎక్కించింది: "ఉన్నాది. వచ్చి సూడండి."

లేని నెంబరే దానికి కలిసొచ్చింది. పాత నెంబరుతో వెతికే డ్రైవర్లందరికీ అదే దొరికింది. దాబాల దగ్గర మంచాల మీద కూర్చుని పైకి చదువుకున్నారట. ఘాటీ అవతల కోరాపుట్ నుంచి, జైపూర్ నుంచి, జగదల్‌పూర్ నుంచి ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. ఫలానా మలుపు గురించి చెప్పు గురువా అని ఆదాముకి ఫోన్లు చేశారు. కుర్చీ గదిలోంచి అరుగు మీదికి వచ్చింది. గడ్డం రోజూ గీయించుకుంటున్నాడు. దేవమణి బస్సు దిగి వస్తుంటే, "బేగి రావే, జైపూర్ నుంచి ఏటో వచ్చిందట, సదువు," అని కేకలేసేవాడు. బండి మాత్రం ఎక్కలేదు. అడిగితే మళ్లీ మూతి ముడుచుకునేవాడు.

అలాంటి రోజుల్లో బొబ్బిలి డ్రైవరు రమేష్‌బాబు నుంచి ఒక కబురు వచ్చింది.

అంతకుముందు ఆదాము ఘాటీలో నల్లరాయి మలుపు గురించి చెప్పి ఉన్నాడు. దిగేటప్పుడు ఎడమవైపు నల్లరాయి కనిపించగానే రెండో గేరు వెయ్యాలని, రాయి తర్వాత వచ్చే మలుపు మోసం చేస్తుందని. రమేష్‌బాబు ఆ రోడ్డుకి కొత్త. వానలో దిగుతూ నల్లరాయి కోసం చూశాడు. రాయి రాలేదు, మలుపు వచ్చింది. బండి కొండ పక్క కాలువలోకి దిగిపోయింది. మనిషికి ఏమీ కాలేదు గానీ ముందుభాగం నుజ్జయింది. "అన్నా, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయి పేల్చేశారంట. ఇంకెవరూ నాలాగ మోసపోకుండా తీసెయ్యి," అని రాశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

దేవమణి ముందు తనలో తాను చదువుకుంది. దాచేద్దామా అనిపించింది. అరుగు మీద నున్నటి గడ్డంతో, చెవులు ఇటు పెట్టి ఎదురు చూస్తున్న మనిషిని చూసి ఫోను ఒళ్లో బోర్లించింది. అయినా, ముప్పై ఏళ్లలో ఒక్క మనిషి మీదికీ బండి పోనివ్వని వాడి దగ్గర ఇలాంటిది దాచకూడదనుకుంది. పైకి చదివింది.

ఆదాము నున్నటి గడ్డాన్ని అరచేత్తో రుద్దుకున్నాడు.

"గుడ్డోడు దారి సెప్పడమేటి," అన్నాడు. "తీసెయ్యమను. మొత్తం తీసెయ్యమను."

ఆ సాయంత్రమే కుర్చీ మళ్లీ గదిలోకి వెళ్లిపోయింది.

శనివారం స్వర్ణ వచ్చి, ఆ ఒక్క సలహా తీసేసి, మొత్తం మాత్రం తీయనని మొండికేసింది. ఆదాము అటు తిరిగి కూర్చున్నాడు. అప్పటిదాకా వంటింట్లో ఉన్న దేవమణి తడిచేతులతోనే వచ్చి అతని ముందు నిలబడింది.

"రాయి పోతే పోయిందని రాయాల బావా. రాయాలంటే సూడాల. నెగు, ఎల్దాం."

"నాకు కళ్లు నేవే."

"నాకున్నాయి. నాకు కళ్లే గాని బుర్ర నేదని నువ్వే కదా ముప్పై ఏళ్లూ అన్నావు? నీ బుర్ర అట్టుకుని రా."

స్వర్ణ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. ఆదాము నవ్వలేదు. కానీ రానని కూడా అనలేదు.

"ఎవుడి బండి?" అని అడిగాడు.

"ఎల్లాజీది. సోమవారం కోరాపుట్ ఎల్తన్నాడు."

ఎల్లాజీ అంటే ఒకప్పుడు ఆదాము దగ్గర క్లీనరు. ఆదాము "ఇటు రా" అని కుడివైపు కూర్చోబెట్టినవాడు. ఇప్పుడు సొంత లారీ ఉంది. అంటే శిష్యుడు నడుపుతుంటే గురువు క్లీనరు సీటులో కూర్చోవాలి. దేవమణికి ఇది తెలియక కాదు. ఇంకెవరి బండి అయినా అతను ఎక్కనే ఎక్కడని తెలిసి ఎల్లాజీనే అడిగింది.

సోమవారం పొద్దున్నే వీధి చివర లారీ ఆగింది. ఎల్లాజీ దిగి, కుడివైపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎడమ తలుపు వైపు చూడనైనా లేదు.

"ఇటు ఎక్కు గురువా."

ఆదాము తడుముకుంటూ మెట్టు పట్టుకున్నాడు. కాళ్లకి మెట్లు గుర్తున్నాయి, చకచకా ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. రెండు చేతులూ చక్రం మీద పెట్టి దాని చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. గేరు కర్ర తాకి చూశాడు. ఎల్లాజీ కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఎంతసేపైనా అలాగే నిలబడేలా ఉన్నాడు. దిగి ఇంటికి పోతానంటాడేమో అనుకుంది దేవమణి.

"బండి బాగున్నాదిరా," అన్నాడు ఆదాము. తర్వాత తనంతట తనే, గేరు కర్ర దాటుకుని, మధ్యలో ఇంజను మీది బానెట్టు మీదుగా జరిగి, ఎడమ సీటులో చేరగిలబడ్డాడు. "కూకో. ఈ బండికి గురువువి నువ్వే."

ఎల్లాజీ ముఖం తుడుచుకుని ఎక్కాడు. దేవమణి ఇద్దరి మధ్యా సర్దుకుంది.

కోనవలస దాటాక ఘాటీ మొదలైంది. ఆమె కనిపించింది కనిపించినట్టు చెబుతూ వచ్చింది. ఆదాముకి ఆ మాటలతో పనున్నట్టు లేదు. మలుపు వచ్చే ముందే అతని ఒళ్లు అటు ఒరిగేది. ఒకచోట అలాగే ఎడమకి ఒరిగాడు, బండి మాత్రం తిన్నగా పోయింది.

"ఇక్కడ మలుపుండాల కదరా?"

"తీసీసేరు గురువా. తిన్నగా కొట్టేసేరు."

"అలగా," అని సర్దుకుని కూర్చున్నాడు. ఆ మాటలో కోపం లేదు.

నల్లరాయి ఉండే చోట ఎల్లాజీ బండి పక్కకి ఆపాడు. దేవమణి అతన్ని రోడ్డు దాటించి కొండ దగ్గరికి తీసుకెళ్లింది. పేల్చగా మిగిలిన రాతిగోడ మీద ఆదాము అరచెయ్యి ఆనించాడు. పేల్చడానికి మరతో బెజ్జాలు వేసిన గాట్లు పైనుంచి కిందికి బారుగా ఉన్నాయి. వాటి వెంట వేళ్లు పోనిచ్చాడు.

"నల్లగానే ఉన్నాదేటి?"

"కాదు బావా. లోపల బూడిద రంగు. అక్కడక్కడ మెరుస్తన్నాది."

"మెరుస్తన్నాదా! ఇన్నేళ్లు పైనే సూసేను. లోపల ఇలగుంటాదని ఎవుడికి తెలుసు?" చెయ్యి దులుపుకుని, "రాసుకో," అన్నాడు.

ఆమె ఫోను తీసింది. తెల్లగీత ఎక్కడ వంపు తిరుగుతుందో ఆమెని అడిగి తెలుసుకుని, అతను ఆగి ఆగి చెప్పాడు. "ఇక్కడ నల్లరాయుండీది. ఇప్పుడు నేదు. రాయి కోసం సూడకండి, తెల్లగీత వంపు తిరగ్గానే రెండో గేరెయ్యండి. బొబ్బిలి రమేష్‌బాబుకి నాది తప్పని సెప్తన్నాను. ఈ మాట ఎవుడో సెప్తే రాసింది కాదు. నాను సూసేను."

ఆమె వేలు ఆగిపోయింది.

"ఏటి ఆగిపోనావు? సూసేను కాదేటి?"

"సూసేవు బావా," అని దేవమణి ఏడుస్తూనే ఆ మాట రాసింది. ఏడుపు అతనికి వినపడకూడదనుకుంది గానీ, వినపడింది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి, దాన్ని పట్టుకోవలసిన అవసరం లేనట్టు, తేలిగ్గా తట్టాడు.

బండి దగ్గరికి వచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది. ఆదాము ఈసారి నేరుగా ఎడమ తలుపు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాపి ముందు అద్దం తాకి చూసి, "తడీ దుమ్మూ కలిసిపోనాయిరా. గుడ్డేదిరా ఎల్లాజీ?" అన్నాడు.

"నువ్వా? ఒద్దు గురువా!" ఎల్లాజీ కంగారుగా దిగబోయాడు.

"కూకోరా. ఈ సీటులో కూకున్నోడి పనే కదా."

సీటు కింద తడిమి గుడ్డ తీసుకుని, బంపరు మీదికి ఎక్కి, ఒక చేత్తో అద్దం అంచు పట్టుకుని, అద్దమంతా ఓపిగ్గా తుడిచాడు. దిగి, గుడ్డ పిండి సీటు కింద పెట్టి, తలుపు వేసుకుని, "పోనీ," అన్నాడు. అద్దం మీద రెండు పెద్ద మట్టిచారలు మిగిలిపోయాయి. ఎల్లాజీ వాటి సందులోంచి చూసుకుంటూ కోరాపుట్ దాకా నడిపాడు.