నార్మల్ అని రాసిన కాగితం

1983 వేసవిలో, వరంగల్‌లో నేను టెక్నీషియన్‌గా ఉన్న దవాఖాన ల్యాబులో, ఓదెలు అనే జంపఖానాల నేతగాడి రిపోర్టు మీద 'నార్మల్' అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క మాటతో అతని మగ్గం పోయింది.

ఓదెలుకు ముప్పయ్యేళ్లుంటాయి. చిన్నతనంలోనే రెండు కళ్లకూ శుక్లాలు తీశారట. దళసరి అద్దాలు పెట్టుకునేవాడు. మడమల వెనక నిమ్మకాయంత గడ్డలు. నడిస్తే తూలేవాడు. వెడల్పు జంపఖానా నేయడానికి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరి చేయి తప్పితే ఇద్దరి పనీ చెడుతుంది. జోడీగా కూర్చునే బావ సాంబయ్య, వీడు పొద్దున్నే తాగి వస్తున్నాడని, ఇక వీడితో కూర్చోనని అన్నాడు.

గడ్డలు చూసి, కొవ్వు పేరుకుందేమోనని డాక్టరుగారు కొలెస్ట్రాల్ పరీక్ష రాశారు. రక్తం తీస్తుంటే ఓదెలు అడిగాడు.

"సార్, నేను తాగనని జర రాసియ్యరాదుండ్రి?"

"అది ఈ పరీక్షల తెల్వది, తమ్మీ."

"గిన్ని సీసాలున్నయ్, ఒక్కదాంట్ల గూడ తెల్వదా?"

ఆమ్లాలు కలిపితే కొలెస్ట్రాల్ ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది; ఎక్కువుంటే రంగు ముదురుతుంది. ముదురు రంగు వస్తుందనుకున్నాను. లేతగానే వచ్చింది. డాక్టరుగారు నమ్మలేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే రంగు.

నాలుగో రోజు ఇద్దరూ వచ్చారు. కాగితం సాంబయ్య చేతిలో ఉంది.

"ఏ రోగం లేదని మీరే రాసిండ్రు గద సార్. రోగం లేనోడు ఎందుకు తూలుతాండు మరి? కల్లు కంపౌండ్ల అడిగితే అసలు రిపోర్టు వాళ్లే ఇస్తరు."

"బావా, పన్నెండేండ్లు నీ పక్కన కూసున్న. ఎన్నడన్న వాసనొచ్చిందా?"

సాంబయ్య తల తిప్పుకున్నాడు.

వానాకాలంలో డాక్టరుగారు ఒక మెడికల్ జర్నల్ చూపించారు. కాలేయం కొలెస్ట్రాల్‌ను పైత్యరసపు ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ పని నడిపించేవి ఎంజైములు. అరుదుగా కొందరికి పుట్టుకతోనే వాటిలో ఒకటి పనిచేయదు. అప్పుడు కొలెస్ట్రాల్‌ను పోలిన మరో పదార్థం మడమల వెనకా, మెదడులోనూ పేరుకుంటుంది. శుక్లాలు, గడ్డలు, తూలడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ పదార్థానికి మా పరీక్షలో రంగు రాదు. లోపించిన పైత్యరసపు ఆమ్లాన్నే మందుగా ఇస్తే జబ్బు ముదరకపోవచ్చనీ ఉంది.

సైకిలేసుకుని వాళ్ల గల్లీకి వెళ్లాను. సాంబయ్య పక్కన కొత్త మనిషి కూర్చున్నాడు.

"భీవండి పవర్లూములకు పోయిండు సార్. ఒక్క ఉత్తరం ముక్క లేదు," అన్నాడు సాంబయ్య.

విషయం చెప్పాను. సాంబయ్య చేయి ఆగింది.

"మరి ఆ దినం గీ మాట చెప్పకపోతిరి?"

ఆ తర్వాత నేను రిపోర్టుల్లో అంకె మాత్రమే రాశాను. 'నార్మల్' అన్న మాట మళ్లీ రాయలేదు. ఓదెలు తిరిగి రాలేదు. అతనిలో ఆ ఎంజైము నిజంగా లోపించిందో లేదో ఎవరూ పరీక్షించలేదు.