నాలుగు పౌన్ల సుత్తి

ఇంటర్మీడియెట్ ఫిజిక్సు మార్చిలో తప్పాను. సెప్టెంబరులో మళ్లీ రాయాలి. ఈసారి కూడా తప్పితే కర్నూలులో గది ఖాళీ చేసి, రాయచోటి పక్కన మా ఊరికి వచ్చి మడక పట్టాల్సిందేనని నాయన తేల్చి చెప్పాడు. మడక పట్టడం నాకు నామోషీ కాదు. కానీ రెండేళ్లుగా వాన చుక్క పడని చేలో ఏం దున్నాలి? మా అన్న ఆ చేలల్లో పడి పాతికేళ్లకే ముసలివాడిలా అయ్యాడు. నాకూ అదే గతి పడుతుందేమోనని భయం.

కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కొత్తగా రాజధాని. ఆఫీసులూ గుమాస్తాలూ వచ్చి పడటంతో అద్దెకు గది దొరకడం గగనమైంది. ఆత్మకూరు నుంచి వచ్చిన మిత్రుడూ నేనూ ఒక రేకుల గదిలో ఉండేవాళ్లం. వాడు మార్చిలోనే గట్టెక్కి బీయస్సీలో చేరాడు. నేను మాత్రం కాగే రేకుల కింద కైనెటిక్ ఎనర్జీ, ఇంపల్సు అనే రెండు దయ్యాల మధ్య నలిగిపోతున్నాను. బడిలో అంతా తెలుగులో చదివి వచ్చినవాణ్ని, కాలేజీలో పాఠమంతా ఇంగ్లీషు. పరిగెత్తే బండిని ఆపాలి, ఎంత బలం కావాలి? ఒక లెక్కలో బండి ద్రవ్యరాశిని వేగంతో గుణించమంటారు. ఇంకో లెక్కలో వేగాన్ని వర్గం చేసి గుణించి సగం తీసుకోమంటారు. ఎక్కడ ఏది చెయ్యాలో తెలియక తోచింది చేసేవాణ్ని. పుస్తకం వెనక చూస్తే నా జవాబు ఒకటి, దాని జవాబు ఒకటి.

"టైము ఇచ్చినాడా, దూరం ఇచ్చినాడా, మొదట అది సూడప్పా" అనేవాడు మిత్రుడు. "ఎంతసేపట్లో ఆగిందో చెప్తే ఇంపల్సు. ఎంత దూరంలో ఆగిందో చెప్తే ఎనర్జీ. అంతే. దీనికి ఇంత ఏడుపు యాల?"

అంతేనట! వాడికి అంతే. వస్తువు కదలకపోతే చేసిన పని సున్నా అని మా లెక్చరరు చెప్పిన రోజే నాకు ఈ శాస్త్రం మీద నమ్మకం చెడింది. మా వైపు బండలాగుడు పందేల్లో ఎద్దులు మోకాళ్ల మీద పడి, నురగలు కక్కుతూ లాగుతాయి. అయినా ఒక్కోసారి బండ కదలదు. ఆ కష్టం సున్నానా? ఈ మాట నాయన ముందు అనివుంటే లెక్చరరని కూడా చూడకుండా చెర్నాకోల అందుకునేవాడు. నాకు అడిగే ధైర్యం లేక నోరు మూసుకుని రాసుకున్నాను. అనుమానం మాత్రం అట్లాగే ఉండిపోయింది.

అయినా భయం చదివించింది. ఆగస్టు చివరికి జవాబులు పుస్తకంతో కలవడం మొదలైంది.

సెప్టెంబరు పరీక్షలో ఈ లెక్క వచ్చింది: నాలుగు పౌన్ల సుత్తి సెకనుకు పదహారు అడుగుల వేగంతో మేకును కొడితే, మేకు చెక్కలోకి ఒక అంగుళం దిగింది. చెక్క ఎంత బలంతో అడ్డుకుంది? దూరం ఇచ్చాడు కాబట్టి ఎనర్జీ. 512 వచ్చింది. అంగుళమంటే అడుగులో పన్నెండో వంతు, దానితో భాగించాలి కాబట్టి పన్నెండుతో గుణించాను. 6144 పౌండల్సు. ముప్పైరెండుతో భాగిస్తే 192 పౌన్ల బరువు. మిగతా జవాబులు లెక్కేసుకుంటే, ఇది వస్తే చాలు, గట్టెక్కుతాను.

అప్పుడు మొదలైంది గుబులు. నూట తొంభైరెండు పౌన్లంటే నాలాంటి బక్కవాళ్లు ఇద్దరి బరువు. నాలుగు పౌన్ల సుత్తి ఇద్దరు మనుషులంత బరువుతో నొక్కుతుందా? ఊళ్లో ఎవరికైనా చెప్తే ముఖం మీదే నవ్వరూ? పన్నెండుతో గుణించడమే తప్పనిపించింది. అది తీసేస్తే పదహారు పౌన్లు వచ్చింది. పదహారంటే మనిషి నమ్మేటట్టు ఉంది. మొదటి జవాబు అడ్డంగా కొట్టేసి పదహారు రాశాను. గంట మోగింది.

ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో నా నంబరు లేదు. పెట్టె, పరుపుచుట్ట తీసుకుని బస్సెక్కాను. మర్నాడు పొద్దున నాయన పశువుల కొట్టం దగ్గర ఒక పెద్ద ఇనుప మేకు నా చేతికిచ్చాడు.

"ఎద్దును కట్టెయ్యల్ల. ఇది ఈడ దిగ్గొట్టు" అన్నాడు.

లోపలికి పోయి సుత్తి తెచ్చే ఓపిక కూడా లేదు నాకు. మేకు మొన నేలకు ఆనించి, పక్కనున్న గుంజ పట్టుకుని మేకు తల మీదికెక్కి నిలబడ్డాను. నేల ఎండి రాయిలా ఉంది. మేకు దిగలేదు. మా అన్న నవ్వుతూ వచ్చి నా భుజాల మీద తన బరువంతా వేశాడు. ఇద్దరి బరువుకూ అది ఇసుమంతైనా కదలలేదు.

"ఇద్దరు మొగోళ్లు ఎక్కినా దిగదు గానీ, ఇదో, కొట్టు" అని అన్నే సుత్తి తెచ్చి ఇచ్చాడు. ఒక్క దెబ్బ వేశాను. మేకు అంగుళం దిగింది.

సుత్తి చేతిలోంచి జారింది. అక్కడే కూలబడి గొల్లున ఏడ్చాను.

నాయన పరుగున వచ్చాడు. "ఏమైందిరా? చేతికి తగిలిందా?"

"లేదు నాయనా" అన్నాను. సరైన జవాబు నా చేత్తోనే రాసి, నా చేత్తోనే కొట్టేశానని ఆయనకు ఎట్లా చెప్పను? ఆయన నా మాట నమ్మలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందోనని నా అరచెయ్యి తిప్పి తిప్పి చూస్తున్నాడు.