మీటరు మావయ్య డబ్బా

నీటి మీటర్ల రీడింగు తీస్తూ ముప్ఫై నాలుగేళ్లు వీధులన్నీ తిరిగిన మనిషి కాబట్టి అందరూ ఆయన్ని మీటరు మావయ్య అనే పిలుస్తారు. రిటైరై పద్నాలుగేళ్లయినా బుద్ధి మారలేదు. పక్కింట్లో కుళాయి కారితే ఈయనకి నిద్ర పట్టదు.

అలాంటివాడికి డెబ్బై రెండో ఏట ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. రెండు కీమోలయ్యాయి. జుట్టు ఎప్పుడో రాలిపోయింది కాబట్టి ఆ బెంగ లేదు. కానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది.

"ఈ మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. మీ వయసులో అవి ఎంత మోస్తాయో చూడకుండా మూడోది ఇవ్వను. ఇరవై నాలుగు గంటల మూత్రం, చుక్క పోకుండా, ఈ డబ్బాలో పట్టి తీసుకురండి," అంది డాక్టరమ్మ.

మందు ఆపేస్తారేమోనని మావయ్యకి భయం పట్టుకుంది. ఇంటికొచ్చి, "ఆపేస్తే ఇక నా పని అయిపోయినట్టే," అనేశాడు. భార్య కళ్లొత్తుకుంది. ఆవిడ తమ్ముడు, రిటైరైన బస్సు డ్రైవరు, ఆ ఇంట్లోనే ఉంటాడు. అతను వరసగా ఐదు గ్లాసుల నీళ్లు తాగాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

డబ్బా బాత్రూంలో స్టూలు మీద కొలువు తీరింది. మావయ్య ప్రతిసారీ కొలగ్లాసులో కొలిచి, పాత డైరీలో టైముతో సహా రాసుకున్నాకే అందులో పోశాడు.

"ఏవండీ, దానిక్కూడా రీడింగేనా?" అంది భార్య తలుపవతల నుంచి.

"రీడింగు రీడింగే!"

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లద్దాలు పైకి నెట్టుకుంది. "భలే! కుర్రాడి కిడ్నీల్లా ఉన్నాయే. ఫుల్ డోసు ఇచ్చేద్దాం."

మావయ్య ఎగిరి గంతెయ్యాల్సింది. రిపోర్టు తీసుకుని చూశాడు. మొత్తం రెండు వేల మూడు వందల మిల్లీలీటర్లు. డైరీలో పద్నాలుగు వందల నలభై. నోరు మూసుకుంటే ఫుల్ డోసు దక్కుతుంది. ఒక్క క్షణం మూసుకుందామనే అనుకున్నాడు. కానీ ఎనిమిది వందల అరవై తేడా మింగడం ఆయన వల్ల కాలేదు.

"అమ్మా, ఈ రీడింగు నాది కాదు. నా లైన్లో ఎవరో దొంగ కనెక్షన్ కలిపారు."

పక్క కుర్చీలో బావమరిది ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"ఏరా?"

"ఒక్కసారే, బావా."

"ఏరా!"

"మూడుసార్లు. అక్క ఏడుస్తుంటే చూడలేకపోయాను. నా కిడ్నీలు గట్టివి కదా, నీ పరీక్ష గట్టెక్కుతుందని..."

డాక్టరమ్మ రిపోర్టు చాటున మొహం దాచుకుని నవ్వింది. తర్వాత నవ్వాపి, "ఆయన చెప్పకపోయుంటే ఆ డోసుకి ఉన్న కిడ్నీలు కూడా పోయేవి, తెలుసా?" అంది. బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు.

డబ్బా మళ్లీ స్టూలెక్కింది. ఈసారి బాత్రూంకి బావమరిదే కాపలా. తన అవసరాలకి మాత్రం పక్కింటికి వెళ్లొచ్చాడు, అనుమానం రాకుండా. కిడ్నీల లెక్క తక్కువగానే తేలింది. అయినా డాక్టరమ్మ మందు ఆపలేదు. డోసు తగ్గించి, ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తూ ఇస్తానంది.

మూడో కీమో రోజు మావయ్య సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ పడుకున్నాడు. బావమరిది మంచం పక్కన తలొంచుకుని కూర్చున్నాడు.

"కోపం పోలేదా, బావా?"

"నీళ్లు దొంగిలించినవాళ్లని వందమందిని పట్టుకున్నాన్రా. దొంగతనంగా పోసినవాణ్ణి మాత్రం నిన్నొక్కణ్ణే చూశాను."

నవ్వబోతే మావయ్యకి కళ్లు చెమర్చాయి. సూది లేని చేత్తో బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బాత్రూంకి లేవాల్సి వచ్చేదాకా వదల్లేదు.