మైనం మీద తిరిగిన సింహం

మా ఉస్తాద్ ఇక లేరు. పోయిన వారం హైదరాబాద్ నుంచి ఆయన చిన్న కూతురు ఫోన్ చేసింది. "కాకా, అబ్బా పోయిండు. పొద్దున నమాజు చేసి పండుకున్నడు, మళ్ల లేవలే," అని చెప్పింది.

జగిత్యాల పక్క ఊరి నుంచి నేను వడ్రంగిగా మస్కట్ వెళ్లింది ఎనభైల చివర. ఆ ఊళ్లోని రూవి పేటలో మా కంపెనీ షాపు. దుకాణాల బోర్డులతోపాటు వంశ చిహ్నాలు వేసిన చెక్క డాళ్లు కూడా చేసేవాళ్లం. అక్కడ ఉద్యోగాలు చేసే ఇంగ్లండు పాత కుటుంబాల వాళ్లు వాటిని చేయించుకునేవారు. చెక్క కోసి డాలు ఆకారం తీయడం నా పని. దాని మీద సింహాలు, గద్దలు, బురుజులు వేసేది ఉస్తాద్.

ఆయనది పాలమూరు వైపు. వాళ్ల నాన్న ఒక సంస్థానంలో రాజుగారి బగ్గీ తలుపుల మీద ముద్రలు వేసేవాడట. "ఇంగ్లీషు దొర అయినా, మన దొర అయినా ఇదే లెక్క బేటా. బంగారం మీద వెండి పెట్టొద్దు, రంగు మీద రంగు పెట్టొద్దు. దుమ్ములకెల్లి చూసినా ఎవరి డాలో తెల్వాలె," అనేవారు. కుంచె మొనను ముందు ఎడమ బొటనవేలి గోరు మీద గీసి చూసుకునేవారు. ఆ గోరు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. సింహం నాలుక వేసేటప్పుడు ఊపిరి బిగపట్టేవారు. ఒకసారి, ఆయన దగ్గర గీయడం నేర్చుకుంటూ నేను కోరలు మరీ పెద్దవిగా గీస్తే నవ్వారు. "గంత భయపెట్టకు. ఆ ఇంట్ల ముసలమ్మ రోజూ చూస్తది దాన్ని."

నేను చేరిన ఆరో నెలలో, అల్ ఖువైర్‌లో ఇంజనీరుగా చేసి రిటైరవుతున్న ఒక ఇంగ్లీషాయన ముద్ర ఉంగరం తెచ్చాడు. ఇంగ్లండులో వాళ్ల పాత ఇల్లు కాలిపోయి, గోడ మీది డాలు బూడిదైందట. సింహం చెక్కిన ఆ ఉంగరం ఒక్కటే మిగిలింది. ఎర్రటి డాలు మీద బంగారు సింహం ఉండేదని చెప్పాడు. ఆదివారం విమానం. డాలు గురువారం కావాలన్నాడు.

ఆ వారమే ఉస్తాద్ ఊరికి దూరంగా ఉన్న సమాయిల్‌లో బోర్డు పనికి వెళ్లాల్సి వచ్చింది. "రూపం గీసి పెట్టు, నేనొచ్చి రంగులేస్త," అన్నారు. నేను ఊరుకోలేదు. పని వచ్చిందని చూపించాలన్న ఆశతో, భూతద్దంలో ఉంగరం చూస్తూ సింహాన్ని ఉన్నదున్నట్టు దింపి, బంగారు రేకు కూడా అంటించేశాను.

బుధవారం ఆయన వచ్చారు. డాలు వైపు ఒకసారి చూశారు. కొవ్వొత్తి వెలిగించి, కరిగిన మైనం చెక్కముక్క మీద పోసి, ఉంగరం అద్ది తీశారు. మైనం మీద సింహం ఎడమవైపు చూస్తోంది. నేను వేసినది కుడివైపు.

"ముద్ర ఉంగరాన్ని తిప్పి చెక్కుతరు బేటా. ఉంగరంల చూడొద్దు, మైనంల చూడాలె."

అంతలో మేనేజర్ వచ్చాడు. ఎవరు చేశారని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఉస్తాద్, "నేనే సాబ్. కండ్లు మసకబడ్డయి. శనివారం దాకా టైం ఇప్పియ్యండి," అని హిందీలోనే చెప్పారు.

మేనేజర్ వెళ్లాక, "తప్పు నాది ఉస్తాద్, పోయి చెప్త," అన్నాను.

"నిన్ను ఇంటికి పంపుతరు. నన్ను పంపరు. గరుకు కాగితం తీస్కరా."

గురువారం, సెలవైన శుక్రవారం కూడా ఇద్దరం కూర్చుని పాత సింహాన్ని గీకి, కొత్తది వేశాం. శనివారం ఇంజనీరు వచ్చి చాలాసేపు డాలు ముందు నిలబడ్డాడు. "మా అమ్మకు చూపిస్తాను," అని మాత్రం అన్నాడు.

కానీ ఉస్తాద్ చెప్పిన అబద్ధం ఆయన మీదికే వచ్చింది. కళ్లు పోతున్నాయని మేనేజర్ ఆయన్ని సన్నపని నుంచి తప్పించి పెద్దక్షరాల బోర్డులకు మార్చాడు. ఎండలో నిచ్చెన మీద నిలబడి ఆయన అక్షరాలు దిద్దుతుంటే, లోపల ఏసీలో ఆయన బల్ల దగ్గర నేను కూర్చున్నాను. మూడు నెలలు ఓర్చుకున్నాను. ఒకరోజు మేనేజర్ గదిలోకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అతను చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. "ఇద్దరూ లోపలే చేయండి. ఇకనుంచి ప్రతి ఉంగరానికీ మైనం అచ్చు తీసి నాకు చూపించు," అన్నాడు.

ఉస్తాద్ నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే. "నేను మంచిగ చెప్పిన అబద్ధాన్ని ఖరాబ్ చేసినవ్," అని రెండు రోజులు పలకలేదు. మూడో రోజు నా ముందు పాలు లేని సులేమాని చాయ్ పెట్టి, ఎర్రరంగు కలపడం మళ్లీ మొదటి నుంచి నేర్పారు.

తర్వాత ఏడేళ్లు ఆయన పక్కనే పనిచేశాను. ఇప్పుడు ఆయన్ని తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది, డాలు ఇచ్చిన మరుసటి ఏడాది ఆ ఇంజనీరు దగ్గర నుంచి కవరు వచ్చిన సాయంత్రం. అందులో ఒక ఫోటో. రాతిగోడ, కుర్చీలో నవ్వుతున్న ముసలావిడ, ఆవిడ తల పైన, కాస్త ఒక పక్కకు ఒరిగి, మా డాలు. ఉస్తాద్ దాన్ని షాపు బయట వెలుతురులోకి తీసుకెళ్లారు. "మేకు వంకర కొట్టిండ్రు," అని గొణిగారు. తర్వాత, ఫోటో అలాగే పట్టుకుని, సింహం నిటారుగా కనబడేదాకా తన తలను మెల్లగా భుజం మీదికి వాల్చి, అలాగే చూస్తూ నిలబడిపోయారు.