పది అంగుళాల ప్రొపెల్లర్

అనకాపల్లి స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఐదు నలభై. వాన లేదు. గాలి లేదు. తుఫాను ముందురోజే ఒడిశా వైపు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం చివర గూడ్స్ షెడ్డు దగ్గర బెల్లం దిమ్మలు తడిసి కరిగి, నల్లటి పాకం పట్టాల వరకూ కారింది. చీమలు కూడా లేవు.

మా వరద సహాయ దళంలో ముప్పై ఎనిమిది మంది. పడవలు నడిపే ఇంజనీర్లు, సిగ్నల్స్ వాళ్లు ఇద్దరు, ఒక డాక్టరు, నేను. నేను మిలటరీ నర్సింగ్ సర్వీసులో మేజరుని. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. ఆ వయసులో నన్ను పడవ డ్యూటీకి పంపడానికి కారణం ఒకటే. నేను గొలుగొండ దగ్గర పుట్టాను, ఇక్కడి మాట వచ్చు.

ఇప్పుడు అనకాపల్లిలోనే ఉంటున్నాను. సరిహద్దులో ఏం చూశారని ఇరుగుపొరుగు అడుగుతారు. సరిహద్దులో నేను చూసినవి వార్డులు. ఇది మన చెరకు చేలలో చేసిన తొమ్మిది రోజుల డ్యూటీ గురించి.

ఊరి చివర ఒక హైస్కూలు వరండాలో మకాం. స్కూలు వెనక గోడ దాటితే నీళ్లే. శారదా నది గట్టు తెగి, కనుచూపుమేర చేలన్నీ మునిగాయి. చెరకు ఆకుల కొసలు మాత్రం జానెడు పైకి కనబడేవి. రోడ్డు ఎక్కడుందో కరెంటు స్తంభాలను బట్టి పోల్చుకోవాలి. నీళ్ల రంగు టీ రంగు. లోతు ఆరు నుంచి పది అడుగులు. ఏటి వాలు తగిలిన చోట వేగం ఎక్కువ.

మాకు మూడు ఫైబర్ పడవలు. ఒక్కోదానికి ఇరవై ఐదు హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు. పడవ వెనక చెక్కకి బిగించేది. ఒక్కో మోటారుకి రెండు ప్రొపెల్లర్లు ఇచ్చారు. రెండూ మూడు రెక్కలవే. చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. రెండెందుకని మా బోటు హవల్దారుని అడిగాను.

హవల్దారుది కె. కోటపాడు దగ్గర పల్లె. పదహారేళ్ల సర్వీసు. నా ఊరు తెలిసిన దగ్గర్నించీ అతను సెల్యూట్ కొడుతూనే వరస కలిపాడు.

“మా అత్తోరిది మీ పక్కనే, నర్సీపట్నం మేడమ్. లెక్కకి మీరు నాకు వదినవరసౌతారు. మేజరైపోనారు గాబట్టి సెల్యూట్ కొడతన్నాను.”

“కొట్టు. ముందు ఇది చెప్పు.”

అతను రెండు ప్రొపెల్లర్లనీ నా ఒళ్లో పెట్టాడు. మధ్య గొట్టం లోపల అంకెలు పోతపోసి ఉన్నాయి. ఒకదాని మీద పదమూడు, ఇంకోదాని మీద పది.

“పిచ్ అంటారు. మర చెక్కలోకి దిగినట్టు, ఇది నీల్లలో ఒక్క తిరుగు తిరిగితే ఎన్నంగుళాలు ముందుకెల్లాలో ఆ లెక్క.”

“అయితే పదమూడే మంచిది కదా.”

“పడవ కాలీగా ఉంటే మంచిదే. సంతకెల్లి బత్తాలేసుకుని వత్తా, గాటీ ఎక్కడానికి టాప్ గేరేత్తారేటి?”

మొదటి రోజు మధ్యాహ్నం రెండూ బిగించి చూశాం. నేను అంకెలు రాసుకున్నాను. ఆ మోటారు పూర్తి వేగంలో నిమిషానికి ఐదు వేల నుంచి ఆరు వేల చుట్లు తిరగాలి. అప్పుడే అది ఆరోగ్యంగా ఉన్నట్టు. పదమూడు బిగించి ముగ్గురం కూర్చుంటే ఐదువేల ఐదువందలు తిరిగింది. పడవ ముక్కు లేచి నీటి మీద జారుతూ వెళ్లింది. అదే ప్రొపెల్లర్‌తో ఇసుక బస్తాలు వేసి తొమ్మిది మంది బరువు చేస్తే నాలుగువేల వంద దాటలేదు. పొగ కక్కింది. ఏటి వాలులో ఉన్నచోటే నిలబడిపోయింది. పది బిగించాక అదే బరువుతో ఐదువేల రెండువందలు తిరిగి వాలుని కోసుకుంటూ వెళ్లింది. బస్తాలు దించేశాక మాత్రం ఆరువేలు దాటి కీచుమంది. హవల్దారు యాక్సిలరేటరు తగ్గించి పట్టుకోవలసి వచ్చింది.

“ఎల్లీటప్పుడు ఎంతమందిమో కాదు మేడమ్. వచ్చీటప్పుడు ఎంతమందో సూసుకుని బిగించాల,” అన్నాడు.

మాతో వచ్చే మూడోవాడు సిగ్నల్ నాయక్. బీహారువాడు. తెలుగులో అతనికి వచ్చిన మాట ‘బెల్లం’ ఒక్కటే. రెండు రోజుల్లో ఎంత తిన్నాడో హవల్దారు లెక్కపెట్టేవాడు.

“ఈడి బరువుకి వేరే ప్రొపెల్లర్ కావాలండి.”

నాయక్ అర్థంకాక నవ్వి, “బెల్లం,” అనేవాడు.

మూడో రోజు ఉదయం పది ముప్పై ఐదుకి ఫోను వచ్చింది. నేనే తీశాను. ఆడమనిషి గొంతు.

“గానుగ కాడ్నుంచమ్మా. మా ఆయనకి పురుగు ముట్టేసింది. తాచు. పిప్పి లాగుతుంటే సెయ్యి మీద ఏసేసింది. కళ్లు వాలిపోతన్నాయి.”

ఆ గానుగ గురించి మాకు తెలుసు. మిట్ట మీద మట్టిగోడల పాక. బెల్లం వండే మేస్త్రీ, అతని భార్య, నలుగురు కూలీలు. రమ్మని ముందురోజు సాయంత్రం వేరే పడవ వెళ్లి పిలిచింది. రాలేదు. నరికిన చెరకు గుట్టగా ఉంది. నరికి నిలవ ఉంచితే రసం పులుస్తుంది, బెల్లం కట్టదు. అందుకని తుఫాను ముందురోజు నరికిందంతా ఆడించి వండేదాకా కదలమన్నారు. పొయ్యిలోకి ఎండు పిప్పి కావాలి. నీళ్లు పెరిగిన కొద్దీ పాములూ ఆ పొడి పిప్పిలోకే చేరాయి.

మిగతా రెండు పడవలూ పొద్దున్నే వేరే ఊళ్లకి వెళ్లిపోయాయి. ఆ ఉదయం మా మోటారుకి పదమూడు బిగించి ఉంది. మందులు పంచడానికి ఖాళీ పడవతో వెళ్లవలసిన రోజు. గానుగ ఆరు కిలోమీటర్లు.

దళం బాధ్యత చూసే కెప్టెన్ ఒడ్డుకి వచ్చాడు. ర్యాంకులో నేను పైనున్నా పడవల మీద నిర్ణయం అతనిదే. నా కొడుకు వయసు ఉంటుంది. పేషెంటుకి ఎంత టైముందని హిందీలో అడిగాడు.

“చెప్పలేను. కళ్లు వాలాయంటే విషం పనిచేస్తోంది. తర్వాత ఊపిరి ఆగుతుంది. అరగంట కావచ్చు, రెండు గంటలు కావచ్చు.”

“పదమూడుతో వెళ్తే ఎంతమందిని తేగలవు?” అని హవల్దారుని అడిగాడు.

“ఇద్దరు సార్. మహా అయితే ముగ్గురు.”

“మిగతావాళ్లకి రెండో ట్రిప్పు?”

హవల్దారు గడియారం చూశాడు. పన్నెండు గంటలకి పై రిజర్వాయరు గేట్లు ఎత్తుతున్నారని మెసేజ్ వచ్చి ఉంది. ఆ నీళ్లు దిగితే ఏటి వాలులో మా పడవలేవీ నిలవవు. మట్టిగోడలు నిలుస్తాయని కూడా ఎవరూ అనలేదు. ప్రొపెల్లర్ నడినీటిలో మార్చేది కాదు. చీలమేకు తీయాలి, నట్టు విప్పాలి, వాషర్లు తీయాలి. ఒక్కటి జారితే నీళ్లపాలే.

కెప్టెన్ తేల్చేశాడు. “పది బిగించండి. అందరినీ తీసుకురండి.”

నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ జాగాలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని.

మార్చడానికి ఏడు నిమిషాలు పట్టింది. పది నలభై ఏడుకి బయల్దేరాం. పదమూడుతో ఆ దూరం పదిహేడు నిమిషాలు. పదితో ఇరవై రెండు. పడవలో ముగ్గురమే. మోటారు కీచుమంటోంది. హవల్దారు యాక్సిలరేటరు తగ్గించి పట్టుకునే నడుపుతున్నాడు.

నాలుగో కిలోమీటరు దాటాక స్తంభాల వరస తప్పి చేలోకి వెళ్లాం. మోటారు ఒక్కసారి గుంజుకుని ఆగిపోయింది. చెరకు పడిపోకుండా మన రైతులు రెండు మూడు దుబ్బుల్ని కలిపి ఎండాకులతో జడ వేసి కడతారు. నీళ్ల కింద ఆ జడలన్నీ ఉచ్చుల్లా ఉన్నాయి. హవల్దారు మోటారు పైకి లేపి, పొట్ట మీద పడుకుని, కత్తితో కోశాడు.

“మా అయ్యా ఇలాగే గట్టిగా కట్టీవోడు. కట్టినోడి సెయ్యి మంచిది, మన కరమ కాలిపోనాది,” అంటూ కోస్తూనే ఉన్నాడు.

నాలుగు నిమిషాలు.

చేరేసరికి పదకొండు పదమూడు. పాక ముందు ఐదుగురు మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డారు. మేస్త్రీని నులకమంచం మీద పెట్టి, మంచాన్ని పొయ్యి గట్టు మీదికి ఎత్తారు. పొయ్యి ఇంకా రాజుతోంది. పెనంలో పాకం మాడుతోంది. మనిషికి నలభై ఐదేళ్లు ఉంటాయి. పెదాలు నీలం. ఊపిరి చేప నోరు తెరిచినట్టు, అప్పుడొకటి అప్పుడొకటి. నాడి ఉంది, చాలా నెమ్మదిగా.

విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాను. ముక్కూ నోరూ కప్పే మాస్క్ పెట్టి, దానికి ఉన్న రబ్బరు సంచీని నొక్కుతూ గాలి పంపాను.

“ఈయన్నట్టుకుని మీరెల్లిపోండి,” అంది భార్య. “మేం తరవాతొత్తాం. బరువైపోతాది.”

“బరువు చూసే వచ్చాం. అందరూ ఎక్కండి.”

ఒక ముసలి కూలీ పెనం వైపు చూస్తూ నిలబడిపోయాడు. “ఇంకో పావుగంటైతే దిమ్మలోసీవోలం.”

“మావా, నీ దిమ్మలు సల్లగుండ. ఎక్కు ముందు,” అని హవల్దారు అతని రెక్క పట్టుకుని లాగాడు.

తొమ్మిది మందితో తిరిగాం. మోటారు శబ్దం కుదురుకుంది. ఐదువేల రెండువందలు. చెప్పినట్టే ఉంది. ఏటి వాలు దగ్గర పడవ ఒక్క అంగుళం పక్కకి పోలేదు.

పదకొండు ఇరవై ఏడుకి మెడ దగ్గర నాడి దొరకలేదు. ఛాతీ నొక్కాలి. సంచీ కూడా నొక్కాలి. నాకున్నవి రెండు చేతులు. భార్యని తలవైపు కూర్చోబెట్టి సంచీ చేతికిచ్చాను.

“నేను ముప్పై లెక్కపెడతాను. ఆగగానే నువ్వు రెండుసార్లు నొక్కు. మెల్లగా.”

“అలాగేనమ్మా.”

ఆవిడ ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. నా మోకాళ్ల కింద నీళ్లు. వెనక ముసలి కూలీ దేవుణ్ని తిడుతున్నాడు. నాయక్ రేడియోలో ఒడ్డుకి హిందీలో చెబుతున్నాడు. “బేస్, బోట్ టూ. తొమ్మిది మందిమి. డాక్టరుని నీటి అంచుకి రమ్మనండి.” తొమ్మిది అని అతను రెండుసార్లు చెప్పాడు.

పదకొండు నలభై ఐదుకి ఒడ్డు. డాక్టరు పడవలోకే దిగాడు. చూశాడు. టైము చెప్పాడు. రాసుకున్నాను.

గేట్లు పన్నెండుకే ఎత్తారు. నీళ్లు వచ్చాయి. కానీ దిగువన ఇంకో గట్టు తెగి, సగం నీరు అటు వెళ్లిపోయింది. ఏడో రోజు మేం ఆ దారినే వెళ్లాం. గానుగ పాక నిలబడే ఉంది. గోడ మీద నీటి చార పొయ్యి గట్టుకి బెత్తెడు కింద ఉంది. మంచం గట్టు మీదే ఉంది, పొడిగా. మిగతా ఐదుగురూ అక్కడ ఉండిపోయినా బతికేవాళ్లు.

హవల్దారు మోటారు నెమ్మది చేశాడు.

“అప్పుడెవులికి తెలుసు మేడమ్,” అన్నాడు.

“ఎవరికీ తెలియదు.”

నేను లెక్క వేశాను. బిగించడానికి ఏడు, దారిలో ఐదు. పన్నెండు నిమిషాలు. జడల దగ్గర పోయిన నాలుగు ప్రొపెల్లర్ ఖాతాలోవి కావు. పన్నెండు నిమిషాలు ముందు చేరితే బతికేవాడా అని డాక్టరుని అడిగాను. ఆయన తెలియదన్నాడు. ముప్పై ఆరేళ్ల సర్వీసున్నా నాకూ తెలియదు. కెప్టెన్ నిర్ణయం సరైనదే. రిపోర్టులో అలాగే రాశాను, సంతకం పెట్టాను. ఏడ్వలేదు. రాత్రుళ్లు నిద్ర కూడా బాగానే పట్టింది.

తొమ్మిదో రోజు పడవలు లారీలకెక్కించాం. మోటార్లు మంచినీటితో కడిగి, ప్రొపెల్లర్లు తుడిచి, గ్రీజు రాసి అప్పగించాం. సాయంత్రం బండికి హాస్పిటల్‌కి తిరిగి వెళ్లాను. మర్నాడు వార్డు డ్యూటీ. రిటైరయ్యాక ఇక్కడికే వచ్చాను. గానుగల మీదుగా బస్సులో వెళ్తుంటాను. పొగ కనబడుతుంది, వాసన వస్తుంది. ఏమీ అనిపించదు.

ఒక్కటి మాత్రం పోదు. ఒడ్డున డాక్టరు, ఇక చాలన్నట్టు, “బస్,” అన్నాడు. నేను చేతులు తీసేశాను. ఆవిడకి హిందీ రాదు. నేను ఆగాను కాబట్టి తన వంతు వచ్చిందనుకుంది. సంచీ నొక్కింది. అతని ఛాతీ లేచింది.

గట్టు మీద వందమంది జనం. అందులోంచి ఎవరో అరిచారు.

“బతికేడర్రా! ఊపిరి తీత్తన్నాడు!”

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. చెప్పినట్టే, మెల్లగా, రెండోసారి నొక్కింది.